నీరు పెట్టే తీరు – ఎరువు వేసే చోటు

పలనాటి సీమ అంటే జొన్నకూడు, నీటి కరువు అనే పేరు ఈనాటిది కాదు. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు చదివిన తెలుగు విద్యార్థులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అటువంటి సీమకు కృష్ణ నీరు తెచ్చిన ఆనకట్టకు నందికొండ దగ్గర 1955 డిసెంబరు 10న పండిత జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ కింద మాచర్ల, గురజాల మొదలు నరసరావుపేట దాకా మెట్ట చేలు మొదటిసారి కాలువ తడి చూశాయి. జొన్న వేసిన చోట వరి వచ్చింది, ఆముదం వేసిన చోట పత్తి, మిరప వచ్చాయి. నీటి వెంట ఎరువుల కట్టలూ వచ్చాయి.

అయితే ఈ రెండింటినీ మనం వేరువేరుగా చదువుకుంటున్నాము. నీటిపారుదల ఒక అధ్యాయం, ఎరువులు మరొక అధ్యాయం. పరీక్షలో కూడా రెండు ప్రశ్నలుగానే వస్తాయి. చేలో మాత్రం అలా ఉండదు. వేరు నీటిని ఒక చోట, ఎరువును మరో చోట తీసుకోదు. నీటిలో కరిగిన ఎరువునే తీసుకుంటుంది. నీరు చేరని చోట వేసిన ఎరువు ఉన్నా లేనట్టే. నీరు మరీ ఎక్కువైన చోట వేసిన ఎరువు అక్కడ నిలవదు. కనుక ఎంత వేశాము అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఎక్కడ వేశాము, ఆ తర్వాత నీరు ఎటు నడిచింది అన్నవి కూడా చూడాలి. మన పిడుగురాళ్ల చుట్టుపక్కల నేలలను దృష్టిలో పెట్టుకుని ఈ విషయాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సున్నపు నేలలో భాస్వరం కథ

పిడుగురాళ్ల పేరు చెప్పగానే సున్నపు బట్టీలు గుర్తుకు వస్తాయి. మన కాళ్ల కింద ఉన్నది సున్నపురాయి. మాచర్ల వైపు అదే పొరలు పొరలుగా లేచి నాపరాళ్లుగా అమ్ముడు పోతుంది. ఆ రాతి మీద ఏర్పడిన నల్లరేగడిలో కూడా సున్నం పాలు ఎక్కువే. చేలో తెల్లటి సుద్ద గుళ్లు కనిపిస్తాయే, అవి అవే. అనుమానం ఉన్నవారు ఒక మట్టిగడ్డ తెచ్చి మన రసాయనశాలలో దాని మీద రెండు చుక్కలు సజల హైడ్రోక్లోరికామ్లం వేసి చూడవచ్చు. బుసబుసమని పొంగుతుంది. ఆ పొంగే బొగ్గుపులుసు వాయువే సున్నం ఉన్నదని సాక్ష్యం. ఇటువంటి నేలల పీహెచ్ సాధారణంగా 8 దాటి ఉంటుంది.

బట్టీకి లాభమైన ఈ సున్నమే భాస్వరం ఎరువుకు శత్రువు. సూపర్ ఫాస్ఫేటులోని భాస్వరం నీటిలో కరిగే రూపంలో ఉంటుంది. అసలు 1842లో ఇంగ్లండులో లాస్ అనే ఆయన గంధకామ్లంతో ఈ ఎరువు తయారుచేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నది అందుకే, కరగని భాస్వరాన్ని కరిగేటట్టు చేయడానికి. మనం దాన్ని తెచ్చి సున్నపు నేలలో చల్లితే నేల ఆ పనిని తిరగదిప్పుతుంది. కాల్షియంతో కలిసి భాస్వరం మళ్లీ కరగని రూపానికి పోతుంది. వేసిన భాస్వరంలో మొదటి పంటకు అందేది అయిదింట ఒక వంతు అటూ ఇటూ మాత్రమే అని శాస్త్రజ్ఞులు చెబుతారు. మిగిలినది ఎక్కడికీ పోదు, నేలలోనే ఉంటుంది. కాని మన అప్పు తీరే లోపల అది మొక్కకు అందదు.

పైగా భాస్వరం నడవదు. నత్రజని నీటితో పాటు అడుగుల కొద్దీ దిగిపోగలదు. భాస్వరం వేసిన చోటి నుంచి రెండు మూడు సెంటీమీటర్లు కదిలితే గొప్ప. కనుక అది వేరు దగ్గరకు రాదు, వేరే దాని దగ్గరకు పోవాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. లెక్క వేస్తే గాని ఈ సంగతి మనసుకు ఎక్కదు. నీటి వసతి కింద పత్తికి ఎకరానికి 24 కిలోల భాస్వరం సిఫారసు అనుకుందాం. ఇది 16 శాతం సూపర్ ఫాస్ఫేటులో 150 కిలోలు, అంటే మూడు కట్టలు. ఒక ఎకరం నేల పై 15 సెంటీమీటర్ల మట్టి తూకం సుమారు 9 లక్షల కిలోలు. ఎరువును వెదజల్లి గుంటక తోలితే ఒక్కొక్క కిలో మట్టికి వచ్చేది 27 మిల్లీగ్రాముల భాస్వరం. అన్ని వైపులా సున్నం కాచుకుని ఉన్న మట్టిలో ఈ చిటికెడు ఎంతసేపు నిలుస్తుంది? అదే ఎరువును 90 సెంటీమీటర్ల ఎడమున్న సాళ్ల పక్కన అయిదు సెంటీమీటర్ల వెడల్పు, అయిదు సెంటీమీటర్ల మందం గల బారుగా పడేటట్టు వేశామనుకోండి. ఆ బారులోని మట్టి మొత్తం మట్టిలో 54వ వంతు మాత్రమే. ఎరువు ఆ మేరకు చిక్కబడింది, సున్నానికి తగిలే పాలు ఆ మేరకు తగ్గింది. అక్కడి సున్నం తన వాటా తాను పట్టుకున్నా, ఇంకా వేరుకు మిగులుతుంది.

ఎకరంలో ఆ సాళ్ల పొడవు మొత్తం దాదాపు 4,500 మీటర్లు అవుతుంది. మీటరుకు 33 గ్రాములు సూపర్, గుప్పెడు కూడా కాదు. చేత్తో వేయాలంటే కూలి ఎక్కువవుతుందని రైతు అనే మాట నిజమే. కాని గొర్రు మనకు కొత్తదా? జడ్డిగంలో గింజ పోస్తూ గొట్టాల గుండా సాలులో వేయడం మన తాతల నాటి విద్య. ఎరువుకు మరో జడ్డిగం, మరో గొట్టం అమర్చితే విత్తనం, ఎరువు ఒకే తోలకంలో పడతాయి. విత్తే గొర్రును బాగా చూసినవాడికి బారుగా ఎరువు వేయడం గురించి పాఠం చెప్పవలసిన పని లేదు.

ఒక్క జాగ్రత్త. ఎరువు గింజను తాకకూడదు. గింజకు పక్కగా అయిదు సెంటీమీటర్లు, కిందుగా అయిదు సెంటీమీటర్లు ఎడం ఉండాలి. డి.ఎ.పి. విషయంలో ఇది మరీ ముఖ్యం. క్షారపు నేలలో అది అమోనియాను విడుదల చేసి మొలకను మాడ్చేస్తుంది. తీరా మొలక రాకపోతే నింద విత్తనం మీద పడుతుంది!

అయిదు సెంటీమీటర్ల కిందనే ఎందుకు అంటే దానికి నీటితో సంబంధం ఉంది. నల్లరేగడి పైపొర తడి పెట్టిన వారం పది రోజుల్లో ఎండి బీటలు వారుతుంది. ఎండిన మట్టిలో వేరు పనిచేయదు, భాస్వరం అసలే కదలదు. కింద మాత్రం చెమ్మ నిలిచి ఉంటుంది. లోతైన రేగడి మీటరు మందానికి 15 నుంచి 20 సెంటీమీటర్ల నీటిని పంటకు అందే రూపంలో దాచుకోగలదు. చెమ్మ ఉన్న పొరలో భాస్వరం ఉంటే రెండు తడుల మధ్య కూడా మొక్క తింటూనే ఉంటుంది. పైన చల్లిన భాస్వరం తడి పెట్టిన నాలుగు రోజులే పంటకు పనికివస్తుంది. చివరి భూముల రైతుకు, అంటే వంతు ఎప్పుడు వస్తుందో తెలియని రైతుకు, ఈ తేడా చిన్నది కాదు.

సున్నపు నేలల్లో జింకు కూడా ఇలాగే ముడిపడి పోతుంది. వరిలో ఖైరా తెగులు అనుకున్నది నిజానికి జింకు లోపమేనని 1966లో పంత్‌నగర్‌లో నేనే అనే శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. మన వరిచేలలో నాటిన రెండు మూడు వారాలకు ఆకు మీద కనిపించే తుప్పు మచ్చలు చాలావరకు అదే. జింకు సల్ఫేటును సూపరుతో గాని డి.ఎ.పి.తో గాని కలిపి వేయకూడదు. కలిపితే రెండూ చెడతాయి.

నత్రజని: నీరే మిత్రుడు, నీరే దొంగ

యూరియాది దీనికి పూర్తిగా ఎదురు కథ. అది చేలో నిలవదు. యూరియా తడి తగిలిన కొద్ది రోజుల్లో అమ్మోనియం రూపానికి మారుతుంది. పీహెచ్ 8 దాటిన నేల పైన ఈ మార్పు జరిగితే అందులో గణనీయమైన భాగం అమోనియా వాయువుగా గాలిలో కలిసిపోతుంది. సన్నని చినుకు పడి ఆగిపోయి, మరునాడు ఎండ కాస్తే నష్టం మరీ ఎక్కువ. నాలుగు అంగుళాల లోతున మట్టి కప్పితే ఆ అమోనియాను మట్టి పట్టుకుంటుంది. మట్టికి ఈ పట్టుకునే గుణం ఉన్నదని 1850లోనే ఇంగ్లండులో వే అనే రసాయనజ్ఞుడు నిరూపించాడు. ఈనాటికీ మనం యూరియాను దారిలో నడుస్తూ చల్లుతూనే ఉన్నాము.

తరువాత అమ్మోనియం నైట్రేటుగా మారుతుంది. నైట్రేటును మట్టి పట్టుకోలేదు. నీరు ఎటు పోతే అది అటు పోతుంది. ఇప్పుడు నీరు పెట్టే తీరు లెక్కలోకి వస్తుంది.

నీటి కొలత ఒకటి విద్యార్థులు గుర్తు పెట్టుకోదగినది ఉంది. ఒక క్యూసెక్కు నీరు ఒక గంట పారితే ఎకరం మీద దాదాపు ఒక అంగుళం నిలుస్తుంది. అంటే లక్ష లీటర్ల పైచిలుకు. చదును లేని చేలో మడి మొత్తం పారగడితే పల్లంలో ఆరంగుళాలు, మెరకలో రెండంగుళాలు నిలుస్తాయి. పల్లంలోని నైట్రేటు వేళ్ల కిందికి దిగిపోతుంది, లేదా నీరు నిలిచి గాలి ఆడక సూక్ష్మజీవుల వల్ల నత్రజని వాయువుగా మారి పోతుంది. పల్లంలో పత్తి పసుపు పచ్చగా నిలబడటం, మెరకలో వాడిపోవడం ఒకే చేలో ఒకే రోజున చూడవచ్చు. రెండింటికీ మందు యూరియా అనుకుని మరో కట్ట వేసేవాళ్లున్నారు. పల్లంలో ముందు కావలసింది నీరు తీసే దారి. ఆ తర్వాత లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి ఆకు మీద చల్లితే మొక్క త్వరగా కోలుకుంటుంది.

చేను నుంచి చేనుకు నీరు పారే చోట మరో విచిత్రం. పైవాడు పొద్దున యూరియా చల్లుతాడు, సాయంత్రం కిందివాడు గండి పెట్టుకుంటాడు. పైవాడి డబ్బు, కిందివాడి పంట! పైవాడు ఆ తర్వాత పంట ఎదగలేదని డీలరును తిడతాడు.

బోదెలు తోలి కాలువల గుండా నీరు పెట్టే పద్ధతి పత్తికి, మిరపకు దీనికంటే ఎంతో మేలు. బోదె మీద మొక్క ఉంటుంది, నీరు కాలువలో పారి పక్కలకు ఇంకుతుంది. వేరు మొదట్లో నీరు నిలవదు కనుక గాలి ఆడుతుంది. కాని ఇక్కడ ఎరువు ఎక్కడ వెయ్యాలి అన్నది ఆలోచించవలసిన విషయం. కాలువ అడుగున వేస్తే మొదటి తడికే కిందికి పోతుంది. బోదె నెత్తిన వేస్తే నీరు పక్కల నుంచి పైకి ఎక్కుతూ లవణాలను నెత్తిమీదికే నెడుతుంది. అక్కడ ఎండి తెల్లగా పొక్కులు కడుతుంది, వేరుకు అందదు. ఉండవలసిన చోటు బోదె పక్కవాటు, మొక్క మొదలుకు 7 నుంచి 10 సెంటీమీటర్ల ఎడంగా, నీటి చెమ్మ తప్పకుండా చేరే ఎత్తులో. పాదు తీసి వేసి మట్టి కప్పాలి. తర్వాత పలచని తడి ఇవ్వాలి.

నీరు చాలనప్పుడు కాలువ విడిచి కాలువకు తడి ఇవ్వవచ్చు. ఒక తడికి ఒకటి, మూడు, అయిదు. మరో తడికి రెండు, నాలుగు, ఆరు. మొక్కకు ఒక పక్క ఎప్పుడూ చెమ్మ ఉంటుంది. నీరు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా మిగులుతుంది. సగం కాలువలకే పెడితే సగం నీరు మిగలాలి కదా అని అడగవచ్చు. మిగలదు. ఎండిన పక్కకు నీరు ఎక్కువ ఇంకుతుంది. పైగా మన రేగడి బీటల్లోకి మొదటి నీరంతా గటగటా దిగిపోతుంది. బీటలు వారక ముందే, గుంటకతో పైమట్టి కదిపి తడి ఇవ్వడం మంచిది.

అమెరికాలో మొక్కజొన్న మీద ఈ పద్ధతిలో పరిశోధనలు చేసి, నీరు పెట్టని కాలువ పక్క నత్రజని వేస్తే అది కొట్టుకుపోకుండా నిలుస్తుందని కనుగొన్నారు. వినడానికి బాగున్నది. కాని వాన తగినంత పడిన ఏడు అది పనిచేసింది, వాన లేని ఏడు ఆ ఎరువు పంటకు సరిగా అందలేదు. మన దగ్గర ఖరీఫులో వానలు రెండు పక్కలా తడుపుతాయి గనుక దాన్ని ప్రయత్నించవచ్చు. రబీ మిరపలో దాన్ని యథాతథంగా అనుసరిస్తే ఎరువు పొడి మట్టిలో కూర్చుంటుంది. ఏ దేశపు పద్ధతినైనా మన వాన చూసుకుని తీసుకోవాలని నా అభిప్రాయం.

వరి సంగతి వేరు. నిలువ నీటిలో యూరియా చల్లితే మధ్యాహ్నపు ఎండలో నాచు పనిచేసి నీటి పీహెచ్ బాగా పెరుగుతుంది, అమోనియా ఎగిరిపోతుంది. అందుకే నీరు తీసివేసి బురదపదునులో చల్లి, ఒకటి రెండు రోజుల తర్వాత నీరు పెట్టమంటారు. జపానులో ఎరువును బురద లోపల గాలి ఆడని పొరలో పెట్టే పద్ధతిని ఎన్నడో కనిపెట్టారు. అక్కడ అమ్మోనియం అమ్మోనియంగానే నిలిచి ఉంటుంది. బంకమట్టి ఉండల్లో ఎరువు పెట్టి నాలుగు దుబ్బుల మధ్య ఒకటి చొప్పున గుచ్చడం కూడా ప్రయత్నించారు. బంగ్లాదేశ్‌లో యూరియానే పెద్ద గుళికలుగా చేసి వాడుతున్నారు. మన దగ్గర వ్యాపించకపోవడానికి కారణం సిద్ధాంతం తప్పు కాదు, వంగి గుచ్చే కూలి ఖర్చు. ఇంతకంటే తేలికైనది 50 కిలోల యూరియాను 250 కిలోల తేమ మట్టిలో కలిపి రెండు రోజులు నిలువ ఉంచి చల్లడం. ఇప్పుడు దొరికే యూరియా అంతా 2015 నుంచి వేపనూనె పట్టించినదే కనుక నైట్రేటుగా మారడం కొంత నెమ్మదిస్తుంది. గాలిలో ఎగిరే అమోనియాను మాత్రం వేప ఆపదు.

నానో యూరియా గురించి కూడా విద్యార్థులు అడుగుతున్నారు. 2021లో మొదట వచ్చిన అరలీటరు సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. 45 కిలోల యూరియా కట్టలో 20.7 కిలోలు. ఒకటి మరొకదానికి సాటి అని చెప్పేటప్పుడు ఈ వెయ్యి రెట్ల తేడాను ఎలా పూడ్చారో చూపించవలసిన బాధ్యత చెప్పినవారిదే.

బొట్టు బొట్టుగా

కుడికాలువకు నీరు ప్రతి ఏడూ ఒకే తీరుగా రాదు. 2002-03, 2003-04 సంవత్సరాలు, 2015-16 సంవత్సరం గుర్తున్నవారికి ఇది తెలుసు. ఆ ఏళ్లలో బోరు ఉన్నవాడే పంట చూశాడు. బిందు సేద్యం అందుకే వచ్చింది. ఇజ్రాయెల్‌లో సింఖా బ్లాస్ అనే ఇంజనీరు రూపొందించిన ఈ పద్ధతి 1965 నుంచి వాణిజ్యస్థాయిలో ప్రచారమైంది. మన రాష్ట్రంలో 2003లో సూక్ష్మ నీటిపారుదల పథకం ప్రత్యేకంగా మొదలైంది.

డ్రిప్పు బొట్టు కింద తడిసిన మట్టి ఉల్లిగడ్డ ఆకారంలో ఉంటుంది. రేగడిలో ఆ గడ్డ వెడల్పుగా, ఎర్ర ఇసుక నేలలో సన్నగా లోతుగా ఉంటుంది. వేళ్లన్నీ ఆ గడ్డలోనే చేరతాయి. ఇక డ్రిప్పు పెట్టి కూడా ఎరువును పాత అలవాటున సాళ్ల మధ్య చల్లితే ఏమవుతుంది? అక్కడ నీరు లేదు, వేరు లేదు. గొట్టాలకు పెట్టిన ఖర్చు దండగ, ఎరువూ దండగ. ఎరువు నీటితోనే పోవాలి, లేదా బొట్టు పడే చోటనే పడాలి.

నీటితో పంపేటప్పుడు కూడా వరుస ఉంది. ముందు కొంతసేపు ఉత్త నీరు, మధ్యలో యూరియా నీరు, చివర గొట్టాలు కడగడానికి కొద్దిసేపు మళ్లీ ఉత్త నీరు. ముందే యూరియా పంపి ఆ తర్వాత గంటల తరబడి నీరు వదిలితే నైట్రేటు ఉల్లిగడ్డ అంచుకు నెట్టబడుతుంది. ఆ అంచున లవణాలు కూడా పేరుకుంటాయి. చిన్న వాన పడినప్పుడు ఆ లవణాలు వేళ్ల మీదికి దిగుతాయి గనుక, జల్లు పడుతుంటే డ్రిప్పు ఆపకుండా నడపమంటారు. వానలో నీరు పెట్టేవాణ్ణి చూసి నవ్వకూడదు.

మన బోరు నీటిలోనూ సున్నమే. బొట్టు పడే రంధ్రాల్లో అది తెల్లగా గట్టిపడి మూసేస్తుంది. భాస్వరం ఎరువును ఆ నీటిలో పంపితే నేలలో జరగవలసిన తగాదా గొట్టంలోనే జరిగిపోతుంది. అందువల్ల మన ప్రాంతంలో సూపరును దుక్కిలోనో, విత్తేటప్పుడో సాలు పక్కనే వేసి, నత్రజని, పొటాషులను మాత్రం డ్రిప్పులో పంపడం క్షేమం. రంధ్రాలు మూసుకుపోతే ఆమ్లంతో శుద్ధి చేయవలసి ఉంటుంది. ఆ పని తెలిసినవారి చేత చేయించాలి. ఆమ్లాన్ని నీటిలో పోయాలి గాని నీటిని ఆమ్లంలో పోయకూడదు.

ఇదంతా ఎందుకింత పట్టుగా చెప్పవలసి వస్తున్నదంటే ఈ నేల ఒకసారి దెబ్బ తిన్నది. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ఊడ్చివేసింది. పైరిత్రాయిడ్ మందులను విచ్చలవిడిగా కొట్టడం దానికి ప్రధాన కారణం. కాని మోతాదు మించిన నత్రజనితో విరగబడి పెరిగిన మెత్తని ఆకు కూడా దోమకు విందు చేసింది. పచ్చగా కనిపించినదల్లా కాపు కాదు. కౌలురైతుకు ఎరువు కట్ట అప్పు మీద వస్తుంది. ఆ కట్టలో సగం గాలిపాలైతే, వడ్డీ మాత్రం పూర్తి కట్టకు కట్టాలి.

మన విద్యార్థుల్లో చాలామందికి ఇంటి దగ్గర చేలు ఉన్నాయి. వచ్చే పంటకు ఇరవై సాళ్లు చాలు. అయిదు సాళ్లకు ఎరువు వెదజల్లి ప్రతి కాలువకూ నీరు పెట్టండి. అయిదింటికి వెదజల్లి కాలువ విడిచి కాలువకు పెట్టండి. అయిదింటికి పక్కన బారుగా వేసి ప్రతి కాలువకూ, చివరి అయిదింటికి బారుగా వేసి కాలువ విడిచి కాలువకూ పెట్టండి. ఎరువు మోతాదు అన్నిటికీ ఒకటే. ఒక పద్ధతి నీరు పక్కదానికి ఊరుతుంది కనుక ప్రతి అయిదింటిలోనూ నడిమి మూడు సాళ్ల పత్తినే తూచాలి. అరవయ్యో రోజున ఒక్కొక్క పద్ధతిలో ఒక మొక్కను పలుగుతో పక్కల నుంచి తవ్వి, వేరు ఎంత లోతుకు, ఏ పక్కకు పోయిందో కొలిచి రాసుకోండి. ఏ రోజున ఎన్ని గంటలు నీరు పారిందో, ఏ రోజున ఎంత వాన పడిందో అదే పుస్తకంలో ఉండాలి. తీతలు రెండు మూడు సార్లు వస్తాయి, ప్రతి తీత తూకం విడిగా వేయండి. మొదటి తీతలో భాస్వరం వేసిన చోటు తేడా, చివరి తీతలో నీటి తేడా ఎక్కువగా కనిపించవచ్చునని నా అంచనా.